ఎర్ర మగ్గు

అల్లవరం చుట్టుపక్కల కొబ్బరి దింపుల్లో సూరిబాబు చేయి తిరిగినవాడు. గెలలో కాయను వేలితో కొట్టి చూసి ముదిరిందో లేదో చెప్పేవాడు. పంతొమ్మిది వందల తొంభై నాలుగు వానాకాలంలో, నాచు పట్టిన చెట్టు మీంచి జారి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని నడుం కింద స్పర్శ పోయింది. మూత్రం దానంతటది రాదు. సన్నటి గొట్టం పెట్టి తీయడం ఆసుపత్రిలో అతని భార్య సువర్ణకు నేర్పారు. రోజుకు నాలుగుసార్లు, తొమ్మిదేళ్ళుగా ఆ పని ఆమెదే.

రెండువేల మూడు వేసవిలో సూరిబాబు గొట్టం ఇక తనే పెట్టుకుంటానన్నాడు. మంచం పక్క కిటికీలోంచి తనే పారబోస్తానన్నాడు. సువర్ణ సంతకు వెళ్తుంటే ఎర్ర ప్లాస్టిక్ మగ్గు తెమ్మన్నాడు. పడ్డాక అతను నోరు తెరిచి అడిగిన వస్తువు అదొక్కటే. ఆమె మురిసిపోయింది.

"మీ ఆయన కోలుకుంటున్నాడే. వచ్చే దింపుకి చెట్టెక్కేత్తాడు చూడు" అని పక్కింటావిడ చిన్నమ్మలు నవ్వితే తనూ నవ్వింది.

ఒక మధ్యాహ్నం పెరట్లో కట్టెలు ఏరుతూ కిటికీ కింద గోడ చూసింది. వెల్ల వేసిన గోడ మీద ఎర్రటి చారలు. కిళ్ళీ ఉమ్మేమో అనుకుంది. కిళ్ళీ వేసే అలవాటు అతనికి లేదు. అది నెత్తురు. ఆ మగ్గు ఎరుపే ఎందుకు కావాలన్నాడో అప్పుడర్థమైంది.

"ఎన్నాళ్ళనుంచండీ?"

"రెండు నెల్లైంది. చెబితే కేన్సరంటారని బయమేసింది. కాయైతే కొట్టి చూసి చెప్పేవోణ్ణి. నా లోపలేవుందో నాకేం తెలుద్దే?"

కాకినాడ పెద్దాసుపత్రిలో కెమెరా పెట్టి చూశారు. మూత్రం తిత్తిలో పులిపిర్లలాంటివి ఉన్నాయన్నారు. వాటిని తీసి ముక్క పరీక్షకు పంపి, పది రోజులాగి రిపోర్టుకు రమ్మన్నారు.

ఆ పది రోజులూ సువర్ణ వెనకటివే తలుచుకుంది. ఈ తొమ్మిదేళ్ళలో ముసురు పట్టి పొయ్యి రాజుకోని రోజుల్లో గొట్టం మరిగించకుండా ఊరికే నీళ్ళతో కడిగి పెట్టింది. అలా ఎన్నిసార్లో లెక్కపెట్టుకునేది, మధ్యలో తప్పిపోయి మళ్ళీ మొదలెట్టేది.

పదకొండో రోజు ఒక్కతే వెళ్ళింది. డాక్టరు కాగితం రెండుసార్లు చదివాడు.

"కేన్సర్ కాదమ్మా. గొట్టం రాపిడికీ, మాటిమాటికీ చీము పట్టడానికీ లోపలి పొర అలా బొడిపెలు కట్టింది."

"ఆయ్" అంది. లేచి తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "నా చేతివల్లేనాండీ?"

"నీ చేయి లేకపోతే ఆయన కిడ్నీలు ఎప్పుడో పోయేవి. కానీ ఇవి మళ్ళీ రావచ్చు. ఆర్నెల్లకోసారి తీసుకురా. ఎరుపు కనిపిస్తే మాత్రం ఆ రోజే రావాలి."

అమలాపురంలో బస్సు మారేటప్పుడు బజారుకు పోయి ఒక మగ్గు కొంది. ఇంటికొచ్చేసరికి సూరిబాబు గుమ్మం వైపే చూస్తున్నాడు.

"కేన్సర్ కాదంటండి" అంది.

అతను కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక ఆమె చేతిలో మగ్గు కనిపించింది.

"తెల్లదెందుకే?"

"ఇంక దాచడానికి లేదండి."

ఆ సాయంత్రం గొట్టం మరిగించి తనే పెట్టింది. మగ్గు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పట్టి చూసింది. పసుపే. అతనికీ చూపించింది. పారబోసే ముందు మళ్ళీ ఒకసారి చూసుకుంది.