ఉప్పుచేప గారి ఊదారంగు కిమోనో

చిగుసాకి నలభై దాటాయి. జపాన్‌లో తొకామాచి అనే ఊళ్ళో స్టేషన్ రోడ్డు మీదున్న లాండ్రీలో కౌంటర్ దగ్గర నిలబడి ఊరివాళ్ళ బట్టలు తీసుకోవడం ఆమె ఉద్యోగం. బొమ్మలకు బట్టలు గీయడం ఆమె పిచ్చి. ఉద్యోగం సంగతి ఊరందరికీ తెలుసు. పిచ్చి సంగతి మాత్రం కట్టుకున్న మొగుడికి కూడా తెలియదు.

ఇంటర్నెట్‌లో ఒక సైట్ ఉంది. చిగుసాలాంటి వాళ్ళు కళ్ళు, ముక్కులు, జుట్టు, బట్టలు అన్నీ విడివిడిగా గీసి అందులో పెడతారు. చూడవచ్చినవాళ్ళు తమకు నచ్చినవి ఏరుకుని, ఒకదాని మీద ఒకటి పేర్చి, తమ బొమ్మ తామే చేసుకుంటారు. ఇందులో చిగుసాకి వచ్చే లాభమేమీ లేదు. మధ్యాహ్నం తోటివాళ్ళంతా లోపలి గదిలో కబుర్లు చెప్పుకుంటుంటే, ఆమె తన కారులో తలుపులు బిగించుకుని కూర్చునేది. ఒక చేతిలో అన్నం ముద్ద, మరో చేతిలో టాబ్లెట్ పెన్ను, ముందు అద్దం మీద రాలుతున్న మంచు. సైట్‌లో ఆమె పేరు ఉప్పుచేప. మొదటిరోజు పేరు రాయమంటే ఏం తోచక, తన భోజనం డబ్బాలో ఉన్నదాని పేరు రాసేసింది. అదే నిలిచిపోయింది.

కౌంటర్ దగ్గర ఆమె మొహం ఎవరూ చూడరు. చొక్కా మీద మరక పోతుందా పోదా, అదొక్కటే వాళ్ళకు కావాలి. చిగుసా మాత్రం అందరినీ చూసేది. చూసినదల్లా గీసేది. పోస్టుమాన్ చెవులు, చేపల కొట్టావిడ కొప్పు, బడిపంతులు గారి వేలాడే స్వెట్టరు, అన్నీ ఉప్పుచేప గారి బొమ్మల్లోకి ఎక్కాయి. ఆఖరికి అత్తగారి కనుబొమలు కూడా ఎక్కాయి. వాటికి 'కోపం, మూడో రకం' అని పేరు పెట్టింది. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో అత్తగారి కనుబొమలు పెట్టుకు తిరుగుతున్నారని తలుచుకుని, కౌంటర్ వెనక తనలో తానే నవ్వుకునేది. ఈ పిచ్చి ఇంట్లో బయటపడితే ఏమవుతుందో ఇక వేరే చెప్పాలా?

ఆ అత్తగారి పేరు ఫుజియే. సామాన్యురాలు కాదు. యాభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో పెళ్ళికూతుళ్ళకూ, ఇరవై నిండిన ఆడపిల్లలకూ కిమోనో కట్టిన చెయ్యి ఆమెది. ఆమె దగ్గర నేర్చుకుని బతుకుతున్నవాళ్ళు ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఏ తప్పు చేసినా ఊరుకుంటుందేమో గానీ, మెడ దగ్గర అంచులు తారుమారైతే మాత్రం ఊరుకోదు. ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చిందంటే అది శవానికి కట్టిన కట్టు. ఒకసారి పండగ ఊరేగింపులో ముక్కూమొహం తెలియని పిల్ల ఎవరో అలా కట్టుకుని పోతుంటే, రెక్క పట్టుకుని పక్క సందులోకి లాక్కుపోయి విప్పి మళ్ళీ కట్టింది. "నీకు చావాలని అంత తొందరగా ఉందా?" అని ఆ పిల్లను అడిగిందట. ఆ మాట ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాంటి మనిషి ఈ చలికాలంలో గుండె పట్టుకుని కూలబడింది. నాగఓకాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించారు. ఆ రోజు మొదలు ఇంట్లో అందరికీ అపశకునాల భయం పట్టుకుంది. పలకరించడానికి వచ్చినవాళ్ళు కుండీలో పూలమొక్క తెస్తే, జబ్బు వేళ్ళూనుకుంటుందేమోనని చిగుసా మొగుడు యసునోరి దాన్ని కోటు కింద దాచి మెట్ల దారిన బయటికి మోసుకుపోయాడు. ఒక సాయంత్రం మంచం మీద పడుకుని ఫుజియే, "చిగుసా, రేపు నేను పోతే నాకు..." అని మొదలుపెట్టబోయింది. "అలాంటి మాటలొద్దు అత్తయ్యా, దానిమ్మపండు వలిచి పెట్టనా?" అని చిగుసా అడ్డం పడింది. ఫుజియే ఆమెకేసి కాసేపు చూసి గోడవైపు తిరిగి పడుకుంది. చిగుసా దానిమ్మపండు వలుస్తూ కూర్చుంది.

మంచు కరగడం మొదలయ్యే వేళకు ఫుజియే ఇల్లు చేరింది. డెబ్భై ఏడో ఏడు నిండబోతోంది. ఆ వయసుకు ఊదారంగు శుభం. ఆదివారం చుట్టాలనూ శిష్యురాళ్ళనూ పిలిచి పండగ చేద్దామని అనుకున్నారు. నాలుగు రోజుల ముందు బావగారి కూతురు కొనొమి గుమ్మంలోకి వస్తూనే ఫోను చిగుసా ముక్కు దగ్గర పెట్టింది.

"పిన్నీ, నానమ్మని చూడు. నేనే చేశాను. పండక్కి వచ్చిన వాళ్ళందరికీ చేతిగుడ్డల మీద అచ్చు వేయించి పంచుదామని."

చిగుసా చూసింది. తన కళ్ళు, తన ముక్కు, తన తెల్లజుట్టు ముడి, కుడి చెంప మీద తను గీసిన పుట్టుమచ్చ. వాటన్నిటి పైన 'కోపం, మూడో రకం'.

"కనుబొమలు చూశావా? అచ్చం నానమ్మవే" అని కొనొమి మురిసిపోయింది. "ఈ ఉప్పుచేప గారు ఎవరో గానీ పిన్నీ, దేవత. నేను ఆవిడ బొమ్మలు తప్ప వేరేవి ముట్టుకోను."

చిగుసాకి నవ్వు రావలసింది, గర్వం కూడా. కానీ కళ్ళు మెడ దగ్గరికి దిగేసరికి ఆ రెండూ ఎగిరిపోయాయి. బొమ్మకు తొడిగిన ఊదారంగు కిమోనోలో కుడి అంచు పైన ఉంది.

బొమ్మలు గీసేవాళ్ళకు ఒక అలవాటుంటుంది. మధ్యమధ్యలో బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి చూసుకుంటారు. కంటికి అలవాటైపోయిన వంకర అప్పుడే కనబడుతుంది. ఒకసారి నొక్కితే తిరుగుతుంది, ఇంకోసారి నొక్కితే మామూలైపోతుంది. ఆ ఊదా కిమోనో గీసింది ఆపరేషన్ రోజున, ఆసుపత్రి వరండాలో. ఊరికే కూర్చోలేక గీయడం మొదలుపెట్టింది. తిప్పి చూస్తూ ఉండగా డాక్టరు పిలిచాడు. తిరిగొచ్చి, తిప్పిన సంగతి మరిచి, అలాగే పూర్తిచేసి సైట్‌లో పెట్టేసింది. ఎదురుగా నిలబడ్డ బొమ్మ కాబట్టి ఎటు తిప్పినా ఒంటికి సరిపోయింది. ఈ కాలం పిల్లలు పసిగట్టలేదంటే వింతేముంది? ఫోనులో తమ బొమ్మ తాము తీసుకున్నప్పుడల్లా అంచులు తారుమారుగానే కనిపిస్తాయి వాళ్ళకి.

"అచ్చుకి ఇచ్చేశావా?" అని అడిగింది.

"ఎప్పుడో. శనివారానికి వచ్చేస్తాయి."

చావు తప్పించుకుని వచ్చిన మనిషికి, శవం కట్టు కట్టిన తన బొమ్మను, తన శిష్యురాళ్ళందరి ముందూ చేతిలో పెట్టడం. అదీ పుట్టినరోజున. చిగుసాకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు లాండ్రీలో ఒకరి కోటు ఇంకొకరికి ఇచ్చి చీవాట్లు తింది. మధ్యాహ్నం కారులోకి పరుగెత్తి ముందు సైట్‌లో ఉన్న కిమోనోను సరిచేసి పెట్టింది. ఆ పని అయ్యాక కాస్త ఊపిరి తిరిగి, కొనొమికి ఫోన్ చేసింది.

"కొనొమీ, ఆ బొమ్మలో మెడ అంచులు తారుమారైనట్టున్నాయే. ఒకసారి చూసుకోవే."

"ఉప్పుచేప గారు తప్పు గీస్తారా పిన్నీ? ఉండు, చూసి చెప్తాను." సైట్ తెరిచినట్టుంది. "ఇదిగో, సైట్‌లో చూస్తున్నాను. ఎడమ అంచే పైనుంది. శుభ్రంగా ఉంది. నువ్వు ఊరికే కంగారుపడకు."

చిగుసా దిద్దిన దిద్దుబాటే ఆమె మాటకు అడ్డం వచ్చింది. "నీ ఫోనులో ఉన్నది చూడు, సైట్‌లోది కాదు" అంది.

"రెండూ ఒకటేగా. నానమ్మ జబ్బు పడ్డప్పట్నుంచీ నువ్వూ బాబాయీ చీమ చిటుక్కుమన్నా భయపడుతున్నారు. పేషెంటు వచ్చింది, పెట్టేస్తున్నా." కొనొమి పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఫోను కట్ అయింది.

ఇంకొక్క మాట చాలు. 'ఆ ఉప్పుచేపను నేనే, ఈ మధ్యాహ్నమే మార్చాను' అంటే కొనొమి నమ్మేది, అచ్చు ఆపించేది. ఆ మాట అనడానికి చిగుసా సాయంత్రం దాకా ఎన్నిసార్లు ఫోను తీసిందో, అన్నిసార్లూ పక్కన పెట్టింది. నలభై దాటిన ఆడది కారులో దాక్కుని బొమ్మలాట ఆడుతోందని యసునోరి నవ్వుతాడు. పోనీ, నవ్వనీ. కానీ ఆ కనుబొమలు? ఆ పేరు? ఇరవై ఏళ్ళుగా నోరెత్తకుండా తిరిగిన కోడలు ఇదా చేసింది అనరూ? అచ్చు కొట్టువాళ్ళే పసిగట్టి ఆపుతారేమో అనుకుంది. పార్సెల్ మంచులో చిక్కుకుపోతుందేమో అనుకుంది. పిరికివాళ్ళకు ఇలాంటి ఆశలకేం కొదవ. శనివారం పార్సెల్ వేళకే వచ్చింది. దాన్ని కొనొమి ఆదివారం పొద్దుటిదాకా తన కారులోంచి దించనే లేదు.

ఆదివారం ఎర్ర గింజలు వేసి అన్నం వండారు. వెదురాకుల్లో చుట్టిన తీపి ఉండలు వచ్చాయి. శిష్యురాళ్ళు మధ్యాహ్నానికి వస్తామన్నారు. ఇంటివాళ్ళంతా బల్ల చుట్టూ చేరారు. చిగుసా వంటింట్లోకీ గదిలోకీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఆఖరికి ధైర్యం తెచ్చుకుని కొనొమిని పక్కకు పిలుద్దామని గదిలోకి వచ్చేసరికి, ఊదా కాగితం చింపి ఫుజియే చేతిగుడ్డ విప్పుతోంది.

"నానమ్మా, ఇది నువ్వే" అంది కొనొమి.

ఫుజియే కళ్ళజోడు పెట్టుకుంది. చూసింది. ఆమె వేలు నేరుగా మెడ దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. యసునోరి వంగి చూసి, ఎర్రబడ్డ మొహంతో ఆ గుడ్డ లాక్కోబోయాడు. ఆవిడ ఇవ్వలేదు.

"ఎవరు గీశారిది?"

కొనొమికి అప్పుడు కనిపించింది. పిల్ల మొహం పాలిపోయింది. "ఎవరో... సైట్‌లో ఉప్పుచేప అని... నాకు తెలియదు నానమ్మా. పిన్ని చెప్పింది, నేనే వినలేదు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇప్పుడూ చిగుసా ఊరుకోవచ్చు. ఎవరో ముక్కూమొహం లేని ఉప్పుచేప మీద పడుతుంది తప్పు, లేదా ఈ పిల్ల మీద. పిల్ల ఊదా కాగితం ముక్కలు ఏరి ఒళ్ళో దాచుకుంటోంది. అది చూశాక చిగుసా చాప మీద మోకాళ్ళు వంచి కూర్చుంది.

"నేనే అత్తయ్యా. ఉప్పుచేపను నేనే. అది గీసిన రోజు మీకు ఆపరేషన్ జరుగుతోంది. బొమ్మను తిప్పి చూసి, మళ్ళీ తిప్పడం మరిచిపోయాను. మొన్న తెలిసింది. తెలిసీ, సిగ్గుపడి చెప్పలేదు." నుదురు చాపకు ఆనించింది.

యసునోరి పెళ్ళాన్ని ఆ రోజే చూసినట్టు చూస్తున్నాడు.

"లే" అంది ఫుజియే. "ఈ మెడ వెనక సందు, ఈ నడుంపట్టీ కింద మడత, నువ్వు కోడలిగా వచ్చిన కొత్తలో నేను నీకు చెప్పినట్టే ఉన్నాయి. ఎప్పుడూ కట్టవే, మరిచిపోయావనుకున్నాను." గుడ్డను మోకాలి మీద పరిచి మళ్ళీ చూసింది. "బాగా కట్టావు."

"అత్తయ్యా, అది..."

"అది ఏ కట్టో నాకు తెలియదా? ఆసుపత్రిలో నిన్ను ఒక మాట అడగబోతే దానిమ్మపండు వలిచావు. ఇవాళ అడుగుతాను. ఇప్పుడు ఎవరు పోయినా అంత్యక్రియల కంపెనీ మనుషులొస్తారు, చేతికి తొడుగులు వేసుకుని వాళ్ళ తెల్లగుడ్డ చుట్టేసి పోతారు. ఊరందరికీ కట్టాను నేను. రేపు నాకు కట్టే చెయ్యి ఒకటి లేదా అని అక్కడ పడుకుని రోజూ అదే ఆలోచన. గుండె కోస్తారన్న భయం కూడా లేదు. ఈ భయమే. చెబుదామంటే ఒక్కరు వినరు. మీరేమో మొక్కలు దాచుకుంటూ తిరుగుతారు." యసునోరి తల దించుకున్నాడు. "నువ్వు కట్టు. ఇలాగే. ఈ రంగే."

చిగుసా ఏడుపు ఆపుకుంటూ "కడతాను" అంది.

"ఇప్పుడే కాదులే" అంది ఫుజియే, గుడ్డను చదునుగా మడిచి తను కూర్చున్న దిండు కింద పెట్టుకుంటూ. "ఇది ఒక్కటీ నా దగ్గరుంటుంది. మిగతావి నా శిష్యురాళ్ళ కంట పడ్డాయో, పరువు పోతుంది. కొనొమీ, ఏడుపు ఆపి ఆ పెట్టె అటకెక్కించు. మళ్ళీ అచ్చు వేయిద్దాం. చిగుసా, ఆ పలకేదో తీసుకురా, నా ముందే సరిచెయ్యి."

చిగుసా టాబ్లెట్ తెచ్చి ఆమె పక్కన కూర్చుంది. మొన్న దిద్దిన కిమోనోను బొమ్మకు తొడిగేసరికి ఎడమ అంచు పైకి వచ్చింది. ఫుజియే కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చాలాసేపు చూసింది.

"ఈ కనుబొమలు కూడా నీవేనా?"

"మీవే అత్తయ్యా."

"కాస్త తగ్గించు."

చిగుసా అలాగేనని తల ఊపింది. బయట శిష్యురాళ్ళు చెప్పులు విప్పుతున్న చప్పుడు వినబడింది. కనుబొమల జోలికి పోకుండా బొమ్మను అలాగే సేవ్ చేసి, తలుపు తీయడానికి లేచింది.