బుట్టచేతుల కంగారు

మా బాబాయికి కంగారు తప్ప వేరే వ్యసనం లేదు. తాళం వేసి ఏడుసార్లు లాగి చూస్తాడు. ఎనిమిదోసారి అది చేతికి ఊడి వస్తుంది. బొమ్మలు వేసే మనిషి కదా, మిగిలిన కంగారంతా కుంచెలోకి దిగుతుంది.

చిన్నప్పుడు తోబుట్టువులు నలుగురూ ఒకే తానులోంచి కుట్టిన పూలగుడ్డ బట్టలతో దిగిన ఫొటో చూసి, ఈమధ్య ఒక పెద్ద బొమ్మ మొదలుపెట్టాడు. ముఖాలు రెండు రోజుల్లో వచ్చాయి. తర్వాతి మూడు నెలలూ మా అత్త గౌనుకున్న బుట్టచేతులే తినేశాయి.

"బుట్టచేతులు కుదిరాయంటావా?" అని నన్ను అడిగాడు. పాలమనిషిని అడిగాడు. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినాయన్ని కుర్చీ వేసి మరీ అడిగాడు. పాపం, ఆయన మీటరు చూడకుండానే వెళ్ళిపోయాడు.

వీధి చివర టైలరు మాత్రం కళ్ళజోడు పైకి తోసి, "గౌనేమో పూలగుడ్డ, చేతులేమో చారల గుడ్డ. ఎవరు కుట్టారండీ ఈ ఘోరం?" అన్నాడు.

"మా అమ్మ."

టైలరు నాలుక కరుచుకున్నాడు.

సంగతేమిటంటే, అత్త గౌను దగ్గరికొచ్చేసరికి తాను అయిపోయింది. నాయనమ్మ పాత కిటికీ తెర కత్తిరించి చేతులు అతికించింది. అందరికంటే చిన్నవాడైన బాబాయి ఆరోజే అక్కకి 'కిటికీ' అని పేరు పెట్టాడు. అది బడంతా పాకింది. అత్త ఈనాటికీ ఆ ఫొటోని తన ఇంటి గడప తొక్కనివ్వదు. అలాంటి అత్త, ఈ బొమ్మని ప్రదర్శనలో పెట్టిన రోజు, సాయంత్రం చూడ్డానికి వస్తానంది.

"మళ్ళీ వెక్కిరించాననుకుంటే? ఇక జన్మలో మాట్లాడదురా!" అన్నాడు బాబాయి. "పద, దించేద్దాం."

"ఇప్పుడా? గోడకి ఎక్కించేశారు కదా!"

చివరి వారమంతా తలుపేసుకుని ఏం చేశాడో, నాక్కూడా చూపించలేదు.

అత్త వచ్చింది. బొమ్మ ముందు నిలబడి చేతిసంచి గట్టిగా పట్టుకుంది. బాబాయి నా వెనక దాక్కున్నాడు. ఆరడుగుల మనిషి, ఎంతని దాక్కుంటాడు!

అప్పుడు చూశాను. నలుగురికీ చారల బుట్టచేతులే. మగపిల్లల చొక్కాలక్కూడా! అందరిలోకీ పెద్దవి, గుమ్మడికాయలంతేసి, బాబాయివి. అత్తనొక్కదాన్నే ఏరి నవ్వడానికి ఇక ఎవరికీ వీల్లేదు.

"ఎవడ్రా ఈ పని చేసింది?" అంది అత్త.

నా వెనక బాబాయి భుజాలు తడుముకున్నాడు.

అత్త ముక్కు ఎగబీల్చి, పెదవి బిగబట్టి, ఇక ఆపుకోలేక ఫక్కున నవ్వింది. "ఒరేయ్ కిటికీ, ఇలా రా!"

బాబాయి వెళ్ళాడు. "నా కుడి బుట్ట కాస్త వంకరగా వచ్చిందక్కా. దించి సరిచేయనా?"

"ముట్టుకున్నావంటే వీపు విమానం మోతే. ఇది మా ముందుగదికి."