వీబే బాబాయ్ పిరికితనం

టెక్సెల్ దీవిలో వీబే బాబాయ్ అంత బాహాటంగా భయపడే మనిషి మరొకరు లేరు. ముప్ఫయ్యేళ్లుగా దీవి చుట్టూ జరిగే కాటమరాన్ పందేలకు వెళుతున్నాడు. ప్రతిసారీ "ఇవాళ నేను తిరిగి రాను" అంటూనే ఒడ్డు వదులుతాడు. ఆ గోల భరించలేకే ఆయన పక్కన ఏటా మనుషులు మారుతుంటారని క్లబ్బులో చెప్పుకునేవారు.

అన్నిటికన్నా ఆయనకు ఎక్కువ భయం పలకల గురించి. మా కాటమరాన్లు జంట పొట్టల తెరచాప పడవలు. ఆ రెండు పొట్టల్లోంచీ చెరో పలక కత్తిలా నీళ్లలోకి దిగి ఉంటుంది. గాలికి ఎదురు వెళ్లేటప్పుడు పూర్తిగా దించకపోతే పడవ పక్కకి జారుతుంది. గాలివాలున సగం పైకి లాగకపోతే, పరిగెత్తేవాడి కాలికి రాయి తగిలినట్టు బోల్తా పడుతుంది.

నిరుడు వేరే పడవ మీద నేను పలక లాగడం మరిచిపోయాను, బోల్తా పడ్డాం. తెరచాప కింద చిక్కుకున్న ఆ కాసేపు ఇంకా కలలోకి వస్తుంది. మళ్లీ పడవ ఎక్కనని చెప్పేశాను. ఈ ఏడు బాబాయ్ మా గుమ్మంలోకి వచ్చి, "ఒక్కణ్ణే వెళ్లాలంటే భయంగా ఉంది, తోడు రా అమ్మాయ్" అన్నాడు. జాలిపడి ఒప్పుకున్నాను. ఈ పందెంలో కూడా భయమే గెలిస్తే సముద్రం మొహం ఇక చూడకూడదనుకున్నాను.

"పలక ఎంతుంది?" పందెం రోజు ఒడ్డు దాటగానే చుక్కాని దగ్గర్నుంచి అడిగాడు బాబాయ్.

"సగం, బాబాయ్."

"నీ సగమా, నా సగమా?"

"పలక మీది ఎర్ర గీత దాకా."

"అయినా భయంగానే ఉంది. ఇంకో జానెడు లాగు."

దీవి ఉత్తరపు కొసన ఇసుకమేట మీద అలలు తెల్లగా విరుగుతున్నాయి. అక్కడ లోతు తక్కువ, రెండు పలకలూ పూర్తిగా పైకి రావాలి. ఒకటి వచ్చింది. రెండోది సందులో ఇసుక పట్టి బిగుసుకుంది. పడవ ముక్కు నీళ్లలోకి దిగుతోంది. నా చేతులు ఆగిపోయాయి.

"నాకు చేతులు వణుకుతున్నాయి. నీకో?" అన్నాడు బాబాయ్.

"నాకూ."

"హమ్మయ్య. అయితే ఆ వణుకుతోనే పట్టుకుని అటూ ఇటూ ఊపు. ఇసుక రాలుతుంది."

ఊపాను. గరగరమని పలక పైకి వచ్చింది. మోకాలి లోతు నీళ్ల మీద పడవ జారిపోయింది. అప్పుడు చూశాను, చుక్కాని మీద ఆయన చెయ్యి ఏ వణుకూ లేకుండా రాయిలా ఉంది.

ఒడ్డున ఆయన భార్య డ్యూకే పిన్ని వేడివేడి బఠాణీ సూపు నా చేతిలో పెట్టింది. "బాగా భయపడ్డాడా?"

"దీవి చుట్టూ."

"ఒక్కడే వెళ్లినరోజు, గాలి చాల్లేదని విసుక్కుంటూ వస్తాడు. పక్కన కూర్చునేవాళ్లుంటేనే ఈ భయం. ఒకసారి బోల్తా పడి మానేసినవాళ్లనే ఏరుకుంటాడు కదా. వాళ్లు ఒంటరిగా భయపడితే సిగ్గుపడతారట."

అంతలో బాబాయ్ వచ్చాడు. "వచ్చే ఏడు నీ పడవలో చుక్కాని నువ్వే పట్టుకో అమ్మాయ్. నాకు వేరే తోడు చూసుకోవాలి."

కాస్త దూరంలో, బోల్తా పడ్డ పడవ తాలూకు విరిగిన తెరచాప కొయ్య పక్కన, ఎవరో నడివయసావిడ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. జుట్టు ఇంకా తడిగానే ఉంది. బాబాయ్ అటు నడిచాడు. నాలుగడుగులు మామూలుగానే వేసి, ఐదో అడుగు నుంచి వణకడం మొదలుపెట్టాడు.