రాతిపువ్వు పులుపు

నా చిన్నప్పుడు నాంపల్లిలో మేం కిరాయికున్న ఇంటి పెరట్లో ఏనుగంత రాతిగుండు ఒకటుండేది. నా మాటలు కాస్త తగ్గించి తీసుకోవాలి కాబట్టి దున్నపోతంత అనుకోండి. సాయంత్రమయితే మా తాతయ్య దానిమీద కూర్చునేవారు, గల్లీ పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్లం. కోస్తా నుంచి గుమాస్తాగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి ఆయన. ఉద్యోగం అయిపోయాక ఆయనకు మిగిలిన కొలువల్లా మాకు కథలు చెప్పడమే.

ఒకరోజు ఉస్మాన్‌గంజ్ నుంచి తెచ్చిన మసాలా దినుసుల్లో ఎండిన రాతిపువ్వు కనబడింది. బిర్యానీలో వేస్తారే, అదే. తాతయ్య దాన్ని పైకెత్తి చూపించి, మన గుండుమీద బూడిదరంగు మచ్చలున్నాయే, అవి దీని చుట్టాలే అన్నారు. వీటికి పళ్లుండవట. నిమ్మకాయలాగా పులుపు కార్చి, రాయిని కరిగించి తాగుతాయట. చెవి ఆనిస్తే చప్పరింత వినబడుతుందట. అందరం చెవులు ఆనించాం. నాకైతే వినబడింది కూడా.

మర్నాడు మాలో పెద్దవాడొకడు నిమ్మకాయ పట్టుకొచ్చాడు. మా వరండాలోని షాబాద్ బండమీద పిండితే చిన్న చిన్న బుడగలు లేచాయి. నేను ఎగిరి గంతేశాను. తర్వాత గుండుమీద పిండాడు. తడిసింది, అంతే.

“మీ తాత ఉత్త గప్పాలు కొడ్తడు రా!”

ఆ సాయంత్రం ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తాతయ్య మాత్రం వేళకు గుండెక్కి, గేటు వైపు చూస్తూ కూర్చున్నారు.

పక్కింటి అక్క అబిడ్స్ దగ్గర కాలేజీలో భూగర్భశాస్త్రం చదివేది. గోడమీంచి తొంగిచూసి, “ఏంది తాతా, దుకాణం బంద్ పెట్టిన్రా?” అంది.

“సరుకు నకిలీదని తేలిందమ్మాయ్,” అన్నారు తాతయ్య.

జరిగిందంతా నేనే చెప్పాను. నవ్వుతుందనుకున్నా, నవ్వలేదు. పిల్లల్ని పిలుచుకు రమ్మంది. వాళ్లొచ్చాక జడలోంచి పిన్ను తీసి, బోడిగా ఉన్నచోట గుండుమీద గీసింది. పిన్ను జారిపోయింది. పక్కనే ఉన్న బూడిదరంగు మచ్చను పెకలించి అక్కడ గీసింది. ఎండిన బెల్లంలా పలుకులు రాలాయి, వాటి మధ్య తెల్లటి మెత్తటి మన్ను.

“జర ముట్టి చూడున్రి. తాత చెప్పింది నిజమే. చెవుల వినబడేది ఒక్కటే గప్పం.”

షాబాద్ బండ సున్నపురాయి కాబట్టి పులుపు తగలగానే పొంగుతుందట. మన గుండు అలా కాదు, దాని పట్టు గట్టిది. ఆ మచ్చలు కార్చే పులుపు రాయిలోని అల్యూమినియాన్ని, ఇనుమును చేయిపట్టుకుని మెల్లగా బయటికి తీసుకుపోతుందట. అవి పోయినకొద్దీ పట్టు సడలి, రాయి మన్నవుతుంది. ఒట్టి వాననీళ్లు కూడా ఈ పని చేస్తాయి కానీ మరీ నిదానం. పులుపు తోడైతే కాస్త తొందర. ఆ తొందర కూడా మన తాతముత్తాతల ఆయుష్షులకు అందేది కాదు, ఒక్క నిమ్మకాయతో తేలిపోతుందా అంది.

పిల్లలు వంతులేసుకుని ఆ పలుకుల్ని వేళ్లతో నలిపారు. తాతయ్య కూడా కిందికి దిగొచ్చి చిటికెడు నలిపి, అక్క చెవి దగ్గర గొంతు తగ్గించి అడిగారు.

“నిజంగానే రాయిని తింటుందా అమ్మాయ్? నేను ఊరికే కల్పించానే!”

అక్క పొట్టపట్టుకుని నవ్వింది. “గట్ల ఇంకెన్ని నిజాలు చెప్పిన్రో మీకే ఎరుక లేదు తాతా!”

ఆ సాయంత్రం గుండు చుట్టూ చోటు సరిపోలేదు.

ఇప్పుడు కోతలు కోసే వయసు నాది. ఎదుటివాడు నమ్మలేని మాట చెప్తే నవ్వు పెదవిదాకా వస్తుంది కానీ, వెంటనే నవ్వెయ్యను. కాస్త గీకి చూస్తాను. నేను కోసేటప్పుడు మాత్రం లోపల చిన్న గుబులు. ఎక్కడో ఏ అక్కో వచ్చి ఇది నిజమేనని తేలిస్తే, అంత కష్టపడి కల్పించిన ఘనత నాకు దక్కకుండా పోతుంది కదా!