తడి చేతుల చప్పట్లు

ఈ మధ్య బెంగళూరులో ఒక విజ్ఞాన ప్రదర్శనకు వెళ్ళాను. ఒక బల్ల మీద పెట్టెలాంటి యంత్రం, దాని కరెంటుతో తిరుగుతున్న ఫ్యాను. యంత్రం వెనక సన్నటి గొట్టం నుంచి నీటి చుక్కలు రాలుతున్నాయి. "హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్ కలిసి కరెంటు పుడుతుంది. పొగ లేదు, బూడిద లేదు, బయటికి వచ్చేది ఈ నీళ్ళే" అంటూ అక్కడి అమ్మాయి నన్ను గొట్టం కింద చెయ్యి పట్టమంది. పట్టాను. చుక్క గోరువెచ్చగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నా చెవులు పాత సిగ్గుతో కాలాయి. ఆ చుక్క అరచేతిలో చల్లారేలోపు సరోజమ్మ టీచర్ గుర్తొచ్చారు.

కోలారు బంగారు గనుల దగ్గర, కార్మికుల ఇళ్ళ వరసలో, మా లైనులోనే ఆమె ఇల్లు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. నేను ఎనిమిదితో బడి మానేసి టైలరు షాపులో కాజాలు కుట్టేవాణ్ణి. ఒకసారి ఆమె జాకెట్టు ఇవ్వడానికి వెళ్ళి, దాన్ని చుట్టిన పాత పేపరును చదువుతూ వాకిట్లోనే నిలబడిపోయాను. "చదివేవానికి పొట్లం కాగితం చాలదప్పా. క్లబ్బులో లైబ్రరీ ఉండాది, పో" అన్నారు. పోయాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు సైన్సు పత్రికలు చదివాను. సాయంత్రం ఆమె వరండాలో కూర్చుని చదివింది ఒప్పజెప్పాలి. "అర్థమైందా, నోటికొచ్చిందా?" అని అడిగేవారు. ఆ రెంటికీ తేడా ఏమిటో నాకు తెలియదు. లైనులో ఎవరికీ తెలియని మాటలు నాకు తెలుసన్న గర్వం మాత్రం బాగా తెలుసు.

గనులు మూతపడ్డాక కింద నీళ్ళు తోడే పంపులు ఆగిపోయి, గనిలోకి దిగే షాఫ్టులు నీళ్ళతో నిండాయి. మగవాళ్ళు చీకటితోనే రైలెక్కి బెంగళూరుకు కూలికి పోతున్నారు. అప్పుడే నేను ఫ్యూయెల్ సెల్ గురించి, అంటే ఈ ప్రదర్శనలో చూసినలాంటి యంత్రం గురించి చదివాను. ఊరికి ఇక ఏం దారని క్లబ్బు హాల్లో ఆదివారం సభ. స్టేజీ ఎక్కి గొంతెత్తాను: "హైడ్రోజన్‌తో కరెంటు చేస్తారు. ఆ హైడ్రోజన్ నీళ్ళలో ఉండాది. మన షాఫ్టుల నిండా ఏముండాది? నీళ్ళే కదా! బంగారం పోయిందని ఏడుస్తాండాము, అంతకన్నా పెద్ద గని మన కాళ్ళ కిందనే ఉండాది!" జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో టీచర్ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతే అందరూ కొట్టారు. జనం నమ్మింది నా మాటను కాదు, ఆమె చప్పట్లను.

వారం తిరక్కుండానే ఆమె పిలిపించారు. "నీళ్ళ నుంచి హైడ్రోజన్ విడదీసేదానికి ఏం కావాలప్పా?"

"కరెంటు, టీచర్."

"ఆ హైడ్రోజన్‌తో మళ్ళా చేసే కరెంటు పెట్టినదానికన్నా ఎక్కువనా, తక్కువనా?"

పత్రికలో ఆ భాగం ఉంది. కష్టంగా ఉందని నేనే దాటేశాను. "తక్కువ" అన్నాను.

"నువ్వు తెలీక చెప్పినావు. నేను పిల్లోళ్ళకు బల్ల మీద చేసి చూపించిన పాఠమే ఇది. నా శిష్యుడు స్టేజీ ఎక్కినాడని పొంగిపోయి చప్పట్లు కొట్టినాను. ఎవరిది పెద్ద తప్పు? లే, చెప్పులేసుకో."

ఇంటింటికీ తిరిగాం. ప్రతి గడప ముందూ ఆమె ఒకటే అడిగేవారు: "ఒక మాట వెనక్కి తీసుకోవాల, లోపలికి రావచ్చునా?" కొందరు నవ్వారు. "ఏం వెంకటేశూ, కొళాయి తిప్పితే బల్బు ఎలుగుతాదా?" అని ఒకాయన. నేను ఆమె కొంగు చాటుకు తప్పుకుంటే, "వెనకాల కాదు, పక్కన నిలబడు" అన్నారు.

చివరిది మునెప్ప ఇల్లు. ఆయన గనిలో పంపు నడిపినవాడు. "ఈయనకు బెంగళూరులో కాపలా పని కుదిరింటే, నీ మాట విని పోలేదప్పా. ఆ జాగాలో ఇంకొకరిని పెట్టుకున్నారంట" అంది ఆయన భార్య, నా మొహం చూస్తూ. మునెప్ప కోప్పడలేదు.

"బతుకంతా ఆ నీళ్ళు బయటికి తోలినాను టీచరమ్మా. ఆ నీళ్ళే మళ్ళా కూడు పెడతాయంటే నమ్మకుండా ఎట్లుండేది?"

టీచర్ చేతులు జోడించారు. ఆయన కంగారుగా లేచి, "మా పిల్లోళ్ళకు చదువు చెప్పినోళ్ళు, మీరిట్ల చేస్తే నేను యాడికి పోవాల" అంటూ ఆ చేతులు దించాడు.

దారిలో, "ఇంగ ఈ ఊర్లో తలెత్తుకోలేను టీచర్" అన్నాను.

"ఎత్తుకోవద్దు. చదివేటప్పుడు తల వంచుకునే కదా ఉంటావు? ఇంకొంచెం వంచి, ఆ దాటేసిన పేజీ చదువు."

మునెప్పకు తర్వాత పని దొరికింది, ఇంకా దూరంలో, తక్కువ జీతానికి. నెలకోసారి ఇంటికొచ్చేవాడు. ఎదురుపడితే "బాగుండావా అప్పా?" అని నవ్వుతూ పలకరించేవాడు. లైనువాళ్ళ ఎగతాళి ఎప్పుడో మర్చిపోయాను. ఆ పలకరింపు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. టీచర్ పోయి చాలా ఏళ్ళయింది.

ప్రదర్శనలో జనం పక్క బల్లకు కదిలారు. నా చేతులు ఇంకా చప్పట్లకు కలవలేదు. "ఈ హైడ్రోజన్ యాడిదమ్మా? దేంతో తీసినారు?" అని అడిగాను.

ఆ అమ్మాయి మొహం వెలిగింది. "పొద్దుట్నించి ఎవరూ అడగలేదు సార్! పైన సోలార్ పలకలున్నాయి, వాటి కరెంటుతో నీళ్ళను విడదీస్తాం. పెట్టిందంతా తిరిగి రాదు. ఎండ లేని వేళకు దాచుకోవడానికి ఇదొక దారి. అదే బొగ్గు కరెంటుతో తీస్తే, ఇక్కడ లేని పొగ అక్కడ ఉంటుంది."

అప్పుడు కొట్టాను, ఒక్కణ్ణే, అందరి తర్వాత. చేతులు తడిగా ఉన్నాయేమో, చప్పుడు పెద్దగా రాలేదు.