శనివారం ఒక్కపొద్దు

అమెరికాలో, న్యూజెర్సీ పార్సిప్పనీలో ఆఫీస్ బాత్రూమ్‌లో రక్తం చూసిన రోజు, ముందు రాత్రి తిన్న బీట్‌రూట్ కూర అనుకున్నాను. నాకు నేను చెప్పుకున్న మొదటి అబద్ధం అది. కొలొనోస్కోపీ చేసి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు పుండ్లుపడే జబ్బు అన్నారు. స్టెరాయిడ్స్, నరంలోకి ఎక్కించే ఇన్‌ఫ్యూజన్స్ ఏవీ పనిచేయలేదు. చివరికి పెద్దపేగు తీసేసి, చిన్నపేగు కొసను పొట్టమీదికి తెచ్చి, మలం పడేందుకు అక్కడ బ్యాగ్ తగిలించారు. దాన్ని ఇలియోస్టమీ అంటారు.

అద్దంలో చూసుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. బతికించినందుకు సర్జన్‌ని తిట్టుకున్నాను కూడా. నా భార్య సుధ, "నేను మారుస్తాలే, నువ్వు చూడకు" అంది. చాలా నెలలు చూడనేలేదు.

మా అపార్ట్‌మెంట్స్‌లో శనివారం మధ్యాహ్నం పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినడం. నలుగురిలో బ్యాగ్ చప్పుడు చేస్తే? లీకైతే? అందుకని, "శనివారం ఒక్కపొద్దండీ, నీళ్లు కూడా ముట్టను" అనేశాను. ఎదురింటి పద్మగారు వాళ్లాయన్ని, "అన్నయ్యగారిని చూసి నేర్చుకోండి" అని దెప్పేది. సిగ్గుతో చచ్చేవాణ్ణి. అయినా నా భక్తి పెరిగింది. సోమవారం శివుడికి, గురువారం బాబాకి. రెండూ నేను ఆఫీస్‌కి వెళ్లే రోజులే. సుధ కోప్పడితే, "ఇంటికొచ్చాక తాగుతాలే" అనేవాణ్ణి.

ఎండాకాలంలో ఒక శనివారం, పాట్‌లక్‌లో వడ్డన దగ్గరే కళ్లు తిరిగి పడిపోయాను. చొక్కా పైకి లేచింది. బ్యాగ్ అందరూ చూశారు.

ఎమర్జెన్సీలో డాక్టర్, "యువర్ కిడ్నీస్ ఆర్ ఇన్ ట్రబుల్. వై ఆర్ యూ నాట్ డ్రింకింగ్?" అంది. ఏమీ తినకపోయినా నాలాంటివాళ్లకి నీళ్లు, ఉప్పు బ్యాగ్‌లోకి పోతూనే ఉంటాయట. నా ఒక్కపొద్దుల సంగతి సుధే చెప్పింది, ఏడుస్తూ. డయాలసిస్ అన్న మాట వినపడింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్ట్ కోసం ఎదురుచూసిన ఆ రెండు రోజులు నిజంగా దేవుడికి మొక్కాను.

డయాలసిస్ తప్పింది. కిడ్నీలు మాత్రం పూర్తిగా తేరుకోలేదు. ఇంటికొచ్చాక తలుపు వేసుకుని కూర్చున్నాను, ఇక ఎవరికీ మొహం చూపించకూడదని. శనివారం పద్మగారు ఉప్పేసిన మజ్జిగ గ్లాసుతో వచ్చి తలుపు కొట్టింది.

"తాగండి అన్నయ్యగారూ. బ్యాగ్ నిండితే మా బాత్రూమ్ లేదా ఏంటి? అడక్కుండా వెళ్లండి."

గ్లాసు పట్టుకుని ఆవిడ ముందే ఏడ్చేశాను.

నాలాంటివాళ్లకి ఒక్క మాట. అందరికీ చెప్పక్కర్లేదు. అడక్కుండా ఎవరి బాత్రూమ్‌లోకి వెళ్లగలరో, ఆ ఒక్కరికి ముందే చెప్పుకోండి. చెప్పి, వాళ్లింట్లో కడుపునిండా ఉప్పేసిన మజ్జిగ తాగండి.