ప్రపంచమంతా వెతికి మురుగమల్లలో దిగాం

ఇది ఒక మహాగాథ. ఇందులో ఖండాలు దాటిన అన్వేషణ ఉంది, సముద్రాల అవతల శాస్త్రవేత్తలు ఉన్నారు, అంతుచిక్కని రోగం ఉంది, చివర్లో ఘనవిజయం ఉంది.

ఇలా మొదలుపెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. నిజానికి ఇందులో ఎక్కువ భాగం బస్సులో జరిగింది. మిగిలింది ఆసుపత్రి బయట ప్లాస్టిక్ కుర్చీల్లో జరిగింది. సముద్రాల అవతలి శాస్త్రవేత్తలను నేను చూడలేదు. వాళ్లు పంపిన ఈమెయిల్ చూశాను. నాలుగు వాక్యాలు. నాలుగోది శుభాకాంక్షలు.

మా అక్క బస్సు కండక్టరు. కర్ణాటకలోని బాగేపల్లి నుంచి చేలూరు, మురుగమల్ల మీదుగా చింతామణికి పోయి వచ్చే బండి ఆమెది. బండి డ్రైవరుది కదా అని ఎవరైనా అంటే ఆ డ్రైవరే ఒప్పుకోడు. ఆడవాళ్లకు టికెట్ ఉచితమైనప్పటి నుంచి అక్క పని తగ్గలేదు, పెరిగింది. ఉచిత టికెట్టు కూడా కొట్టి ఇవ్వాలి, ఆధార్ కార్డు చూడాలి, ఆ కార్డులో ఫోటో తనది కాదన్నట్టు ఉన్న ప్రతి అవ్వతో వాదించాలి. అక్కకు ఆ వాదనే ప్రాణం.

నేను చిక్కబళ్ళాపురంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు టైపు చేస్తాను. జనం షుగరు నేను టైపు చేయబట్టే పెరుగుతోందని మా వీధిలో ఒక నమ్మకం ఉంది.

రెండేళ్ల కింద అక్క కాళ్లు మొండికేశాయి. పొద్దున్నే డిపోకు గుర్రంలా పోయేది. మధ్యాహ్నం దాటితే కుడిపాదం లోపలికి తిరిగేది. పొద్దు గూకేసరికి రెండు కాళ్లూ కట్టెలయ్యేవి. రాత్రి పడుకుని లేస్తే మళ్లీ గుర్రం. డాక్టర్లకు పొద్దున పూట చూపిస్తే ఏమీ లేదన్నారు. సాయంత్రం పూట చూపిస్తే ఒకాయన నరాల బలహీనత అన్నాడు, ఒకాయన మనసులో దిగులు అన్నాడు, ఇంకొకాయన చెప్పులు మార్చమన్నాడు. అక్కకు మూడో వైద్యం నచ్చింది. కొత్త చెప్పులు వచ్చాయి. పాదం కొత్త చెప్పుతో సహా లోపలికి తిరిగింది.

ఒక సాయంత్రం చేలూరులో కమ్మీ పట్టుకుని నిలబడిన మనిషి అడుగు తీయలేకపోయింది. డ్రైవరు బండి ఆపాల్సి వచ్చింది. సంగతి డిపోకు చేరింది. కాళ్లు బాగున్నాయని సర్టిఫికెట్ తెమ్మన్నారు, లేకపోతే పాసుల కౌంటర్లో కూర్చోమన్నారు. పాపం, వాళ్లు మంచి మనసుతోనే చెప్పారు.

"కుర్చీ, ఫ్యాను, నీడ. ఇంకేం కావల్ల నీకు?" అన్నాను.

"కౌంటర్లో కూర్చుంటే నాతో ఎవురు కొట్లాడతారురా?" అన్నది అక్క.

నవ్వుతానేమోనని నా మొహం చూసింది. నేను నవ్వలేదు. ఆమె గొంతులో భయం నేను వినడం అదే మొదటిసారి.

అక్కా, నేనూ, మా నాయనా బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి పోయాం. అక్కడి డాక్టరమ్మ అక్కను పొద్దునా సాయంత్రమూ రెండు పూటలూ నడిపించి చూసింది. అలా చూసిన మొదటి మనిషి ఆమే. రక్తం తీసుకుని జన్యు పరీక్షకు పంపింది. కొన్ని వారాలకు రిపోర్టు వచ్చింది. ఒక జన్యువులో ఒక్క అక్షరం మారింది, దాని అర్థం ఇంకా తెలియదు అని దాని సారాంశం. అర్థం తెలియదని చెప్పడానికి పన్నెండు పేజీలు పట్టింది. టైపు చేసినవాడి మీద జాలేసింది.

"ఇదే మార్పు, ఇదే రోగం ఉన్న మనిషి ప్రపంచంలో ఇంకొకరు దొరికితే, కారణం ఇదేనని గట్టిగా చెప్పొచ్చు," అన్నది డాక్టరమ్మ. "ఎవరి కేసు వాళ్ల బీరువాలో ఉంటే అన్నీ ఒంటరి కేసులే. పరిశోధకులు అందరూ చూసేలా ఒకచోట పెట్టుకునే పద్ధతి ఉంది. పేరు ఉండదు, ఊరు ఉండదు. మీరు ఒప్పుకుంటే మీ అమ్మాయిది కూడా పెడతాను."

నాకు పెళ్లి సంబంధాల వెబ్‌సైటు గుర్తొచ్చింది. పేరు లేదు, ఫోటో లేదు, ఒట్టి జాతకం. కలిసిందంటే అటువాళ్లు కబురు పెడతారు.

మా నాయనకు కూడా పెళ్లే గుర్తొచ్చినట్టుంది. "పెండ్లి గావల్సిన పిల్ల మేడమ్. ఇంటి సంగతి ప్రపంచానికంతా చెప్పుకోవల్నా?"

"పేరు ఉండదు కదండీ."

"పేరు లేకపోయినా కనుక్కునేటోళ్లు మా వాళ్లల్లో ఉండారు మేడమ్."

అక్క కుర్చీలో ముందుకు జరిగింది. "నాయనా, దినామూ సాయంత్రం బస్సు నిండా జనం నా కాళ్లే చూస్తాండారు. వాళ్లకంటే ఎక్కువ ఆ కంప్యూటరు ఏం చూస్తాది? యాడ సంతకం పెట్టల్లో చూపీ మేడమ్."

పెట్టింది. మా నాయన గోడ మీద గుండె బొమ్మను చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత ఎదురుచూపు. నేను ఖాళీ దొరికినప్పుడల్లా ప్రపంచపటం చూసేవాణ్ణి. "నీ జోడీ ఐస్‌లాండులో దొరకొచ్చక్కా. పాస్‌పోర్టు తీసిపెట్టుకో," అన్నాను.

"ఆడ బస్సులుండాయా?"

"ఉంటాయి. జనం ఉండరు."

"అయితే నాకొద్దుపో."

ఈలోపు డిపో వాళ్లు సర్టిఫికెట్ గడువు ఒకసారి పొడిగించారు. ఇంకోసారి పొడిగించరని చెప్పే పొడిగించారు.

ఒకరోజు ల్యాబులో ఉండగా డాక్టరమ్మ ఫోన్ చేసింది. దొరికింది అన్నది. ఏ దేశం మేడమ్ అని అడిగాను. అవతల నవ్వు వినబడింది.

"మీకు మురుగమల్ల తెలుసా?"

తెలుసా అంటే, బాగేపల్లి నుంచి అక్క బండి ఎక్కి ఒక కునుకు తీస్తే వస్తుంది. దర్గా ఉన్న ఊరు, సగం బస్సు జనం అక్కడే దిగుతారు. ఆ ఊరి మనిషి ఒకాయన బెంగళూరులోనే ఇంకో ఆసుపత్రిలో చూపించుకున్నాడు. ఆ ఆసుపత్రి ఆయన రక్తాన్ని విదేశంలో తమతో కలిసి పనిచేసే ల్యాబుకు పంపింది. ఆ ల్యాబు ఆయన వివరాలను అదే ఉమ్మడి చోట పెట్టింది. అవి చేరగానే అప్పటికే అక్కడున్న మా అక్క వివరాలతో కలిశాయి. మధ్యలో ఒక ఫ్లైఓవరు మాత్రమే ఉన్న రెండు ఆసుపత్రులకు ఒకదాని సంగతి ఒకటి సముద్రం అవతలి నుంచి తెలిసింది. ఆ ఇంటివాళ్లు సరేనన్నాకే డాక్టరమ్మ మాకు ఊరి పేరు చెప్పింది.

అసలు సంగతి అది కాదు. ఆయన డాక్టరు ఎప్పటినుంచో ఉన్న ఒక పాత మాత్ర ఇచ్చి చూశాడట. కొన్ని నెలలుగా ఆయన సాయంత్రాలు కూడా మామూలుగా నడుస్తున్నాడు. అది మాత్ర మహిమో, దర్గా మహిమో, ఆయన అదృష్టమో తేలక వాళ్లూ ఎదురుచూస్తున్నారు. మా దగ్గర అర్థం కాని అక్షరం ఉంది, వాళ్ల దగ్గర నమ్మలేని మాత్ర ఉంది.

రెండు కుటుంబాలనూ డాక్టరమ్మ ఒకేరోజు రమ్మన్నది. మురుగమల్ల ఆయన తన తండ్రితో వచ్చాడు. కొడుకు చింతామణి టమాటా మండీలో వేలం పాడే మనిషి. గొంతు గది దాటి వినబడుతుంది. అక్క ఆయన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వా అప్పా. చింతామణిలో సాయంత్రం బండి ఎక్కి, మురుగమల్లలో దిగేదానికి యుగం తీసుకునేటోడివి."

"నువ్వు బిరబిర దిగప్పా అని అరిచేటిదానివి," అన్నాడాయన. "ఇప్పుడు మోటరు బండి తోలుతాండాలే. నీ అరుపులు తప్పినాయి."

"నేను నిన్ను తాగినావనుకొంటి."

ఆయన చూపు అక్క పాదాల మీదికి పోయింది. "నిజం చెప్తా, ఏమనుకోవద్దమ్మా. నేనూ నిన్ను అట్లనే అనుకొంటి."

ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే కమ్మీ పట్టుకుని, ఒకే రోగంతో ఎన్నాళ్లో ప్రయాణం చేశారు. ఒకరినొకరు తాగుబోతులనుకున్నారు. అక్క వాదించకుండా జరిగి ఆయనకు పక్కన చోటిచ్చింది. మా ఇంట్లో ఇది చెప్తే ఎవరూ నమ్మరు.

డాక్టరమ్మకు ఇంకొక చిక్కు మిగిలింది. ఈ మార్పు ఇద్దరికీ తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి వచ్చింది. ఇంత అరుదైనది రెండు వైపుల నుంచీ రావాలంటే తల్లిదండ్రులు బంధువులై ఉండాలి. రక్తసంబంధంలో పెళ్లా అని మొదటిరోజే అడిగితే మా నాయన లేదన్నాడు. అవతలి ఆసుపత్రిలో వాళ్ల నాయన కూడా లేదన్నాడు.

"మళ్లీ అడుగుతున్నాను. మీ భార్య మీకు ముందు నుంచి చుట్టమా?"

"మా అక్క కూతురు," అన్నాడు మా నాయన.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మరి ఆ రోజు లేదన్నారు?"

"రక్తసంబంధంలో చేసుకున్నారా అని అడిగితిరి. అట్లా వరస తప్పి చేసుకునే జనం కాదు మేడమ్ మేము." మా నాయనకు నిజంగానే కష్టమనిపించింది. "అక్క కూతుర్ని చేసుకునేది మా హక్కు గదా. దాంట్లో రక్తసంబంధం యాడుండాది?"

అవతలి తండ్రి గట్టిగా తలూపాడు. "మాది మేనత్త కూతురు మేడమ్. మమ్మల్నీ ఆ మాట అడిగిరి. తప్పుడు మాట అడుగుతాండారే అని నాకూ కోపమొచ్చె."

అంతవరకు ముక్కూ మొహం తెలియని ఇద్దరూ ఒకరి మర్యాదను ఒకరు కాపాడుకున్న తృప్తితో పక్కపక్కన కూర్చున్నారు. నన్నడిగినా నేను లేదనే చెప్పేవాణ్ణి. మా ఇళ్లల్లో మేనరికం సమాచారం కాదు. ఇంటికి తలుపు ఉందని ఎవరైనా ప్రత్యేకంగా చెప్తారా? బయట టీ తాగుతూ వాళ్లిద్దరూ ఇంటిదేవుడు ఎవరో ఒకరినొకరు అడిగారు, సోమేనహళ్ళిలో ఒక అవ్వ దగ్గర చుట్టరికం కలుపుకున్నారు. రెండు ఇళ్లకూ ఆ అక్షరం వచ్చిన దారి దొరికిందని ఆ అవ్వ గురించి రాసుకుంటున్నప్పుడు డాక్టరమ్మ మొహం మా మొహాల కంటే ఎక్కువ వెలిగిపోయింది.

రెండు కుటుంబాలవాళ్లం ఇంటిల్లిపాదీ రక్తం ఇచ్చాం. రోగం ఉన్న ఇద్దరికే ఆ అక్షరం రెండు వైపుల నుంచీ వచ్చిందని, మిగతా ఎవరికీ అలా లేదని తేలింది. ఉమ్మడి చోట ఆ మార్పు పక్కన అర్థం తెలియదన్న మాట తీసేసి, కారణం ఇదే అని రాశారు. ఎక్కడో మూడో మనిషికి ఇదే అక్షరం కనబడితే, ఆ మనిషికి చెప్పుల వైద్యం తప్పుతుంది. నేను టైపు చేయకుండా జరిగిన మంచి పనుల్లో ఇది మొదటిది.

అక్కకు మాత్ర మొదలుపెట్టారు. మొదటి వారం వాంతి వచ్చినట్టుంది అని తిట్టింది. రెండో వారం సాయంత్రం వంటింట్లోంచి వాకిట్లోకి నడిచింది, వాకిట్లోంచి వీధిలోకి నడిచింది, వీధి చివరిదాకా పోయి అక్కడ ఎవరితోనో గొడవ పెట్టుకుని వచ్చింది. గొడవ విని అమ్మ ఏడ్చింది. సంతోషంతోనే.

సర్టిఫికెట్ ఇచ్చాక అక్క మొదటి సాయంత్రపు ట్రిప్పుకు నేనూ మా నాయనా చింతామణిలో ఎక్కాం. బండి కిక్కిరిసి ఉంది. అక్క ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు జనాన్ని తోసుకుంటూ తిరుగుతోంది. నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"తమ్ముడికి కూడా టికెట్టా?"

"ఆధార్‌లో ఆడమనిషివని రాసుండాదా? లేదు గదా. తియ్యి."

మురుగమల్ల వచ్చింది, చేలూరు వచ్చింది. పోయినేడాది బండి ఆగిపోయిన చోట అక్క మెట్టు మీద నిలబడి, దిగే అవ్వ మూటను అందుకుని కింద పెట్టి, విజిల్ ఊది మళ్లీ ఎక్కింది. పాతపాళ్య దాటి చీకటి పడింది. కాళ్లు నిటారుగానే ఉన్నాయి.

ఇంటి సంగతి ప్రపంచానికి చెప్పొద్దన్న మా నాయన అప్పటికే పక్క సీటాయనకు మొత్తం చెప్పేశాడు. జన్యువు, అక్షరం, విదేశం, అన్నీ. ముందు సీట్లవాళ్లు కూడా ఇటు తిరిగారు.

"మా పిల్ల దానికి సంతకం పెట్టినాకనే తేలింది," అన్నాడు. "లేకుంటే ప్రపంచానికి తెలిసేదే కాదు."

"సంతకం వద్దనిందెవురు నాయనా?" అని వెనక నుంచి అక్క అరిచింది. బస్సంతా నవ్వింది. మా నాయన కూడా నవ్వాడు. అక్క కమ్మీ పట్టుకోకుండానే నిలబడి ఉంది.

ఘనవిజయం తర్వాత మిగిలిన చిక్కు ఒకటే, ఆ మాత్ర బాగేపల్లిలో దొరకదు. చింతామణి మెడికల్ షాపులో ముందురోజే చెప్పి పెట్టాలి, తిండికి అరగంట ముందు వేసుకోవాలి, ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఆ షాపు తెరిచి ఉండదు.